అగరొత్తి పొగ కోడ్‌లో రావాలంటే

బెంగళూరు మారతహళ్లిలో నేనుండే పీజీలో ఆంటీ రోజూ పొద్దున్నే అగరొత్తి వెలిగిస్తారు. ఫ్యాన్ ఆపితే పొగ జానెడు ఎత్తు దాకా దారంలా లేచి, అక్కణ్నుంచి మెలికలు తిరుగుతుంది. ఆ మెలిక తెర మీదికి తేవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

పొగను తయారుచేసిచ్చే సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్లు జరిపేముందు ఒక్కసారి ఆ కోడ్ సొంతంగా రాయండి. 64×64 గళ్లు చాలు. ప్రతి గడికీ మూడు అంకెలు: అడ్డం వేగం, నిలువు వేగం, పొగ చిక్కదనం. ప్రతి ఫ్రేములో అడుగున రెండు మూడు గళ్లలో పొగ పోసి, పొగ ఉన్నచోటల్లా పైకి కాస్త వేగం కలపండి.

ఇక కదపడం. "ఈ గడిలో పొగ ఎక్కడికి పోతుంది?" అని మొదలుపెడితే కొన్ని గళ్లు ఖాళీగా మిగులుతాయి, కొన్నిట్లో కుప్పపడుతుంది. "ఈ గడిలోకి వచ్చింది ఎక్కణ్నుంచి?" అని అడగండి. వేగానికి ఎదురు వెళ్లి, చేరిన చోటి చుట్టూ నాలుగు గళ్ల విలువలను దూరాన్ని బట్టి కలిపి తెచ్చుకోండి. 1999లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు జాస్ స్టామ్ చూపిన దారి ఇది. కొత్త విలువ పాత విలువల మధ్యే ఉంటుంది కాబట్టి టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకి ముందుకు జరిపే సమయం) పెద్దదైనా అంకెలు అదుపు తప్పి లెక్క పేలదు. వేగాలనూ ఇలాగే కదపాలి. పాత విలువలు చదివే అర్రే (గళ్ల అంకెలు దాచే పట్టిక), కొత్తవి రాసే అర్రే వేరుగా ఉంచండి. నేను ఒక్కదాంతో సరిపెడితే పొగ ఒక పక్కకే ఈడ్చుకుపోయింది. రెండు రాత్రులు ఫార్ములానే అనుమానించాను.

అసలు అందం ప్రెషర్ దగ్గరుంది. గడిలోకి ఎంత గాలి వస్తే అంతా బయటికి పోవాలి. కుడి గడి అడ్డం వేగంలోంచి ఎడమ గడిది, పై గడి నిలువు వేగంలోంచి కింది గడిది తీసేసి, రెండూ కలిపి సగం చేయండి. అది డైవర్జెన్స్, అంటే గడిలోకి వచ్చేదానికన్నా బయటికి పోయే గాలి ఎంత ఎక్కువో చెప్పే అంకె. ప్రతి గడికీ ప్రెషర్ అని ఇంకో అంకె పెట్టి, సున్నాతో మొదలుపెట్టి, చుట్టుపక్కల నాలుగు ప్రెషర్లు కూడి, డైవర్జెన్స్ తీసేసి, నాలుగుతో భాగించండి. గళ్లన్నిటి మీదా ఇరవైసార్లు తిప్పండి. తర్వాత అటూ ఇటూ గళ్ల ప్రెషర్ తేడాలో సగం వేగంలోంచి తీసేయండి. గోడలోకి పోయే వేగం సున్నా. పొగను ఈ సరిచేసిన వేగంతోనే కదపాలి.

ఈ మెట్టు లేకపోతే పొగ లిఫ్టులా నిలువుగా పోతుంది. పెడితే, పైకెళ్లిన గాలి చోటు నింపడానికి పక్కగాలి వస్తుంది, రెండు వైపులా సుడులు లేస్తాయి. అర్ధరాత్రి రెండింటికి అవి కనబడగానే పక్క మంచం తమ్ముణ్ని లేపి చూపించాను.

సుడులు త్వరగా అరిగిపోతే, ఆ నాలుగు గళ్ల సగటు వల్లే. గళ్లు 128×128కి పెంచండి. రెండు సుడులూ అద్దంలో బొమ్మల్లా ఒకేలా ఉంటే, పొగ పోసేచోట ఫ్రేముకో చిన్న ర్యాండమ్ అడ్డం వేగం కలపండి. ఫ్యాన్ ఆపినా గదిలో గాలి పూర్తిగా నిలవదు కదా.