ఉప్పు మళ్లలో పిట్టల లెక్క – నాలుగో పాఠం: వెళ్లిపోయే కాలం

గత పాఠం తర్వాత మీరు పంపిన పేజీలన్నీ చదివాను. ఈసారి టెర్న్ అనే నీటి పిట్టల గురించి చెప్పాలి, కానీ అవి వచ్చే పాఠానికి ఆగాలి. ఎందుకంటే దాదాపు ప్రతి పేజీలోనూ ఒక ఎర్ర పిట్ట ఉంది. ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల దగ్గర చూసినవారు "చిన్నది, ఇటుక రంగు, కొత్త పిట్ట, పేరు దొరకలేదు" అని రాశారు. కొత్తపట్నం వారు "రొమ్ము నారింజ రంగు, కళ్లకు నల్ల గంత" అన్నారు. బింగినపల్లి వైపు నుంచి "ఎర్ర మెడ, పొడుగు కాళ్లు" అని వచ్చింది. ముగ్గురూ కొత్త పిట్ట అనే అనుకున్నారు. మీ ఫిబ్రవరి పేజీలు తీసి చూడండి, మూడూ అక్కడ ఉన్నాయి.

చలికాలమంతా మన తీరంలో బూడిద రంగులో తిరిగిన పిట్టలు మార్చి నుంచి ఒంటి ఈకలు మార్చుకుంటాయి. ఉత్తరాన జతకట్టే చోటికి చేరేలోగా రంగు సిద్ధం కావాలి. అందుకే ఏప్రిల్ మొదట్లో అవి అతుకుల బొంతలా కనిపిస్తాయి, కొంత బూడిద, కొంత ఎరుపు. ఏప్రిల్ చివరికి చాలావాటికి రంగు నిండుతుంది. రంగు నిండిన కొద్ది రోజులకే అవి ఉండవు.

ఇస్కపల్లి పిట్ట కర్ల్యూ సాండ్‌పైపర్. ముక్కు పొడుగ్గా ఉండి కొస వైపు కిందికి వంగుతుంది, కాళ్లు నలుపు, ఎగిరినప్పుడు నడుం కింద తెలుపు. ఫిబ్రవరిలోనూ ఇవే గుర్తులు, ఇప్పుడూ ఇవే. ఆడవాటి ఎరుపు కాస్త వెలిసినట్టు ఉంటుంది. ఇది వెళ్లేది సైబీరియా ఉత్తర కొసకి, చెట్టన్నది మొలవని మంచు నేలకి. కొత్తపట్నం పిట్ట టిబెటన్ శాండ్ ప్లోవర్. పాత పుస్తకాల్లో లెస్సర్ శాండ్ ప్లోవర్ అని ఉంటుంది, ఈ మధ్యే దాన్ని రెండు జాతులుగా విడదీశారు. ఇది లడఖ్, టిబెట్ ఎత్తుల్లో గుడ్లు పెడుతుంది. మూడోది బ్లాక్‌టెయిల్డ్ గాడ్‌విట్. తిన్నని పొడవాటి ముక్కు, మొదట్లో గులాబీ రంగు, కొస నలుపు. రెక్క విప్పితే తెల్ల పట్టీ, తోక నలుపు. దానికి అంతకన్నా ఎక్కువ చెప్పనక్కర్లేదు.

మూడో పాఠంలో వరస ఇచ్చాను: ముందు ముక్కు, తర్వాత మేసే తీరు, తర్వాత కాళ్లు, చివర రంగు. మీ పేజీల్లో రంగు మొదటి గడిలోకి వచ్చి, ముక్కు గడి చాలాచోట్ల ఖాళీగా ఉంది. ఈ నెలలో రంగు గడిని మూసేసి రాయండి. నిజంగానే ఆ నిలువు వరస మీద కాగితం అంటించండి. మేసే తీరు ఒక్కటి సరిగ్గా చూస్తే సగం పని అయిపోతుంది. ప్లోవర్ నాలుగడుగులు పరిగెత్తుతుంది, ఠక్కున ఆగుతుంది, చూస్తుంది, ఒక్కసారి పొడుస్తుంది, మళ్లీ పరుగు. సాండ్‌పైపర్లు, వాటిలోనే చిన్నవైన స్టింట్లు తల దించాక ఎత్తవు. వాటిలోనూ లిటిల్ స్టింట్ బురద పైపైన గబగబా ఏరుకుంటుంది. కర్ల్యూ సాండ్‌పైపర్ పొట్ట తడిసేదాకా నీళ్లలోకి దిగి ముక్కు లోపలికి గుచ్చుతుంది. ఎరుపయినా బూడిదయినా ఈ అలవాటు మారదు.

కాళ్ల రంగు నమ్మి బోల్తాపడిన వారూ ఉన్నారు. లిటిల్ స్టింట్ కాళ్లు నలుపు, టెమ్మింక్స్ స్టింట్ కాళ్లు పసుపు పచ్చ, అది నిజమే. కానీ కొఠారు బురదలో నడిచిన ఏ కాలైనా నల్లగానే ఉంటుంది. టెమ్మింక్స్ అయితే గడ్డి అంచున ఒంటరిగానో, రెండు మూడుగానో తిరుగుతుంది. లేపితే సన్నగా గిరగిరమని కూస్తూ నిలువుగా పైకి లేస్తుంది, తోక అంచులు తెల్లగా మెరుస్తాయి. గుంపులో ఉన్న వందలో ఒకదాన్ని కాళ్లు చూసి టెమ్మింక్స్ అని రాయకండి.

వెలుగు సంగతి. మన దారులన్నీ పడమర నుంచి కొఠార్లకు వస్తాయి, పొద్దున సూర్యుడు సముద్రం మీద నుంచి వస్తాడు. దారి పక్కనే ఆగి చూస్తే ప్రతి పిట్టా నల్ల బొమ్మే. ఓపిక చేసుకుని సముద్రం వైపు గట్టు మీదికి నడవండి, వీపు ఎండకు పెట్టి పడమరకు చూడండి. సాయంత్రం అయితే దారి పక్క నిలబడినా చాలు, కాని పొద్దు వాలే ముందు అరగంట చూసి రంగు రాయొద్దు. ఆ వెలుగులో తెల్ల స్టింట్ కూడా ఎర్రగా ఉంటుంది. ఉదయం ఎనిమిదిన్నర దాటితే మళ్ల మీద గాలి వణకడం మొదలవుతుంది, దూరం పిట్టల ముక్కులు కరిగిపోతాయి. ఆ వణుకులో పది రెట్లు చూపించే బైనాక్యులర్ వణుకునీ పది రెట్లు చేస్తుంది. అందుకే నేను ఎనిమిది రెట్లదే వాడతాను, కొనేవారికి అదే చెబుతాను.

ఏ మడిలో చూడాలన్నది కూడా చాలామంది అడిగారు. ఉప్పు తెలిస్తే పిట్ట తెలుస్తుంది. సముద్రపు నీరు, ఉప్పు చిక్కదనాన్ని చెప్పే బోమే కొలతలో మూడు, మూడున్నర డిగ్రీలు ఉంటుంది. ఒక మడి నుంచి ఇంకో మడికి మారుతూ, ఎండుతూ, సుమారు పాతిక డిగ్రీలకు వచ్చేసరికి ఉప్పు పడుతుంది. మొదటి చెరువుల్లో చేపలు ఉంటాయి, అక్కడ కొంగలు, టెర్న్‌లు. మధ్య మళ్లలో చేప బతకదు, చిన్న ఉప్పు రొయ్య, ఉప్పు ఈగల పురుగు ఉంటాయి. మన స్టింట్లు, సాండ్‌పైపర్లు, నల్లరెక్కల పొడుగుకాళ్ల స్టిల్ట్‌లు అక్కడే. ఆఖరి మళ్లు తెల్లగా మెరుస్తాయి, అందంగా ఉంటాయి, వాటిలో పిట్టకు తినేందుకు ఏమీ లేదు. అక్కడ నిలబడి "పిట్టల్లేవు" అని రాసిన పేజీలు రెండు వచ్చాయి.

కొఠారులో పనిచేసేవాళ్లతో మాట్లాడండి. "రేపు ఈ మడికి నీళ్లు కడతాం సార్, ఎల్లుండి రాండి, పిట్టలన్నీ ఈడే ఉంటాయి" అని ఒక పెద్దాయన చెబితే, దానికి మించిన సమాచారం మీకు ఏ యాప్‌లోనూ దొరకదు.

ఇక ఈ పాఠానికి అసలు విషయం. మీరు పంపిన పేజీల్లో ఏ పిట్ట పేరు ఎదుటా సున్నాలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇది నన్ను బాగా బాధపెట్టింది, కాబట్టి నిదానంగా చెబుతాను.

ఆగస్టు, సెప్టెంబరులో పిట్టలు వచ్చినప్పుడు మొదటి పిట్ట కంటపడిన రోజే తారీఖు. అది పట్టుకోవడం తేలిక. వెళ్లిపోవడం అలా కాదు. చివరి పిట్టను చూస్తున్నప్పుడు అది చివరిదని ఎవరికీ తెలియదు. ఆ తర్వాత రోజూ వెళ్లి, లేదని రాసుకుంటేనే అది చివరిది అవుతుంది. ఉదాహరణకి ఒక పేజీ ఇలా ఉందనుకోండి: ఏప్రిల్ 20న కర్ల్యూ సాండ్‌పైపర్లు 140, 22న 150, 27న 30. తర్వాత ఏమీ లేదు. అవి ఎప్పుడు వెళ్లాయి? 27 తర్వాతా? 23 నుంచి 26 దాకా ఏమైంది? గుంపు 23న వెళ్లి 27న కనిపించిన 30 దక్షిణాన్నించి వచ్చి ఆగిన వేరే గుంపేమో. మే నెలంతా ఖాళీగా ఉంది, అంటే మీరు మానేశారా, పిట్టలు మానేశాయా? ఈ పేజీని పదేళ్ల తర్వాత చదివేవారికి దాంతో ఒక్క పనీ జరగదు.

అందుకని మూడు గుర్తులు. వెళ్లాను, అరగంట చూశాను, ఈ పిట్ట లేదు అంటే 0. వెళ్లలేదు అంటే అడ్డగీత. ఉన్నాయి గానీ లెక్కపెట్టలేకపోయాను అంటే "ఉ". ఖాళీ గడి అనేది ఉండకూడదు. పెళ్లికి వెళ్లినా, ఎండదెబ్బ తగిలినా, బస్సు రాకపోయినా గీత. గీత పెట్టడానికి సిగ్గుపడి సున్నా పెడితే, లేని ప్రయాణాన్ని పిట్టల నెత్తిన రుద్దినట్టే. ఆ ఒక్క అబద్ధపు సున్నాతో ఆ వారం మొత్తం పనికిరాకుండా పోతుంది.

సున్నా పక్కన నీటి సంగతి రాయండి. "0, మడి ఎండింది" వేరు, "0, చీలమండ లోతు నీరు, పురుగు ఉంది" వేరు. మొదటిదాంట్లో పిట్టలు పక్క మడికి పోయి ఉండొచ్చు. రెండోదాంట్లో మేత ఉన్నా పిట్ట లేదు, అంటే అది ప్రయాణం కట్టింది. "0, గద్ద వచ్చి లేపింది" అనేది ఇంకో రకం, పది నిమిషాలు ఆగి మళ్లీ చూడాల్సిన సున్నా. "0, కుక్కలు" కూడా అంతే. పిట్టల జాబితాలు పంపే ఈబర్డ్ యాప్ వాడేవారికీ ఇదే మాట. గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశానని మీరు చెప్పిన జాబితాలో ఒక పేరు లేకపోతే, దాన్ని "కనిపించలేదు" అనే లెక్కేస్తారు. కాబట్టి తొందరలో నాలుగు పేర్లు కొట్టి పూర్తి జాబితా అని పంపొద్దు. నా పద్ధతి ముందు పుస్తకం, పెన్సిలు. యాప్ ఇంటికి వచ్చాకే.

లెక్క తగ్గడానికి ఆటుపోట్లు కూడా కారణమే. ఆటు వేళ పిట్టలు బకింగ్‌హాం కాలువ పక్క బురదలోకి, నీరు సముద్రంలో కలిసే మొగల దగ్గరికి మేతకు పోతాయి. పోటు వచ్చి బురద మునిగితే కొఠారు గట్ల మీదికి చేరతాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి సోమవారం 150, శుక్రవారం 20 ఉంటే పిట్టలు వెళ్లాయని అనుకోవద్దు. దీనికి ఒక దగ్గర దారి ఉంది, పంచాంగం. పేజీ పైన తారీఖుతో పాటు తిథి రాయండి. శుద్ధ ఏకాదశి నాటి లెక్కను బహుళ ఏకాదశి నాటి లెక్కతో పోల్చండి. పక్షం తిరిగేసరికి పోటు దాదాపు అదే గంటకు వస్తుంది, మీరు అదే గంటకు నిలబడి ఉంటారు, ఇక తేడా అంతా పిట్టలదే. సముద్రం మీద బతికేవాళ్లు వేటకు ఈ లెక్కే చూసుకుంటారు.

వెళ్లేముందు పిట్టలో మార్పు కనిపిస్తుంది. కొవ్వు పట్టి పొట్ట కిందికి గుండ్రంగా దిగుతుంది, మేత ఆపకుండా సాగుతుంది. లిటిల్ స్టింట్ మొత్తం బరువే పాతిక గ్రాముల చుట్టుపక్కల, ఆ ఒంటితోనే అది ఆర్కిటిక్ దాకా పోవాలి. ఏప్రిల్ చివర సాయంత్రం ఐదు తర్వాత గట్టు మీద ఉండండి. గుంపు అరుచుకుంటూ లేచి, మళ్లీ దిగకుండా, వరస కట్టి పైపైకి పోతూ ఉత్తరానికి తిరిగితే గంట, సంఖ్య, గాలి దిక్కు రాసుకోండి. గద్దకు బెదిరిన గుంపు ఒక చుట్టు తిరిగి దిగుతుంది, ఆ తేడా ఒకసారి చూస్తే చాలు.

అన్నీ వెళ్లవు. ఏడాది కూడా నిండని పిల్లలు చాలావరకు బూడిద రంగులోనే మన దగ్గర ఎండాకాలం గడుపుతాయి. జూన్‌లో కనిపించిన బూడిద రంగు శాండ్ ప్లోవర్‌ను "తొందరగా తిరిగొచ్చింది" అని రాయొద్దు. తిరిగొచ్చే పెద్దవి జూలై చివర నుంచి కనిపిస్తాయి, వెలిసిన ఎరుపు ఇంకా ఒంటి మీద ఉంటుంది.

మరొకటి, ఇది లెక్కకన్నా ముఖ్యం. వలస పిట్టలు పోయే వేళకే మన ఊరి పిట్టలు గట్ల మీద గుడ్లు పెడతాయి. తీతువు, స్టిల్ట్, కెంటిష్ ప్లోవర్, ఇసుక మీద లిటిల్ టెర్న్. గూడంటే నేల మీద చిన్న గుంట, గుడ్డు మట్టి రంగే. తీతువు మండుటెండలో నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. తడిసిన ఈకలు పొట్టకు అతుక్కుని, చుక్కలు కారుతూ ఉంటాయి. మీరు అక్కడ నిలబడినంతసేపూ అది రాలేకపోతుంది. రోహిణి కార్తె ఎండలో ఆ కాసేపు చాలు గుడ్డు పాడవడానికి, మీ వెనకే కాకి కూడా చూస్తూ ఉంటుంది. పిట్ట నెత్తిమీద తిరుగుతూ అరిస్తే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. ఫొటో వద్దు. ఆ రోజు గడిలో గీత పెట్టండి, నాకు అభ్యంతరం లేదు.

అభ్యాసం: రేపటి నుంచి రోహిణి కార్తె ముగిసేదాకా ఒకే గట్టు, ఉదయం ఆరుంబావు నుంచి ఆరుంముప్పావు దాకా, రోజూ. మూడు పిట్టలే: కర్ల్యూ సాండ్‌పైపర్, లిటిల్ స్టింట్, టిబెటన్ శాండ్ ప్లోవర్. మొదటి వారం పేర్లు రాయకూడదు, ముక్కు బొమ్మ గీసి పక్కన సంఖ్య వేయాలి. రోజూ వెళ్లలేనివారు ఇద్దరు కలిసి ఒకే పుస్తకం పంచుకోవచ్చు, గట్టు మాత్రం మారకూడదు. గొడుగు వద్దు, పిట్టలు బెదురుతాయి, తలగుడ్డ కట్టుకోండి. జూన్ రెండోవారంలో పేజీలు పంపండి. చివరి పిట్ట కనిపించిన తారీఖు కింద కనీసం పది సున్నాలు ఉన్న పేజీలనే టెర్న్‌ల పాఠంలో ఉదాహరణలుగా తీసుకుంటాను.