మూలపడిన పాత కారులో పెట్రోలు దారిని శుభ్రం చేసుకొనే విధానం
కావలిలో మా ఇంటి ముందు రెండేళ్లుగా కదలని, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) ఉన్న మారుతీ 800లో సెల్ఫ్ తిరిగేదే కాని, ఇంజను అందుకొనేది కాదు. ఆరుబయట, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకొని, వార్నీషు వాసన కొడుతున్న పాత పెట్రోలును పూర్తిగా దించి, 5 లీటర్లు కొత్తది పోసి, ఫిల్టరు మార్చాను. తరువాత కార్బురేటరుకు వచ్చే రబ్బరు గొట్టాన్ని ఊడదీసి, దాని కొసను గాజుసీసాలోకి దూర్చి, స్పార్కు రాకుండా కాయిల్ తీగను తప్పించి, సెల్ఫును 10 సెకన్ల చొప్పున, నడుమ ఒక నిమిషం ఆపుతూ తిప్పాను. మొదట డికాషన్ రంగులో వచ్చిన పెట్రోలు అయిదో విడతకు తేటపడింది. కార్బురేటర్ గిన్నెలోని జిగురును క్లీనర్ స్ప్రేతో కడిగి, జెట్లను (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలున్న ముక్కలను) గాలితోనే ఊదాలి. పిన్నీసు గుచ్చితే రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది (ఈ పొరపాటు నేను ఒకసారి చేశాను). గొట్టం పగుళ్లిస్తే అప్పుడే మార్చడం మేలు.

ఎన్ని విడతలు తిప్పినా ఎర్రటి తుప్పు వస్తూనే ఉంటే ట్యాంకు లోపలే తుప్పు పట్టిందన్నమాట. దానిని దించి కడిగించక తప్పదు. కార్బురేటరు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే, గొట్టంలో ఒత్తిడి ఎక్కువగా ఉండే ఎంపీఎఫ్ఐ కార్లకు ఈ పద్ధతి పనికిరాదు.