అన్ని జాబులూ అర్జెంటే అంటే ఎలా? షెడ్యూలర్‌లో క్లయింట్లకీ టాస్క్‌లకీ ప్రయారిటీ పెట్టే పద్ధతి

తోతాపురి సీజన్‌లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. టోకెన్ ముందున్న బండి ముందు లోపలికి పోతుంది, అంతే. ఎవరి చేతిలో ఏ టోకెన్ ఉన్నా ఆ రోజు ఫ్యాక్టరీ ఆడగలిగే కాయ మాత్రం పెరగదు. జాబులు లేదా టాస్క్‌లు, అంటే కంప్యూటర్‌లో తమంతట తాము నడిచే పనులు, ఏవి ఎప్పుడు మొదలవ్వాలో చూసుకునే సాఫ్ట్‌వేర్ షెడ్యూలర్. అందులో ప్రయారిటీ నంబరు కూడా ఆ టోకెన్ లాంటిదే. ఇది మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

తిరుపతిలో మా ఆఫీసు ముగ్గురు క్లయింట్లకి రాత్రి బ్యాచ్, అంటే రాత్రిపూట వరసగా నడిచే జాబుల గుంపు, నడుపుతుంది: ఒక గుజ్జు ఫ్యాక్టరీకి రైతుల చెల్లింపులు, ఒక ఆసుపత్రికి బిల్లులు, ఒక కాలేజీకి ఫీజు రిపోర్టులు. ఒక సీజన్‌లో ముగ్గురూ ఫోన్ చేసి 'మాది ముందు' అంటే, ముగ్గురి జాబులనీ పైకి ఎక్కించేశాం. అన్నీ పైనే ఉంటే ఏదీ పైన లేనట్టే కదా. రైతుల చెల్లింపు ఫైల్ పొద్దున బ్యాంకుకి వెళ్ళాల్సింది మధ్యాహ్నం దాటాక వెళ్ళింది. కాయ తోలి డబ్బు కోసం ఎదురుచూసే మనిషికి ఆ సగం రోజు చిన్న విషయం కాదు.

అందుకే నంబరు ముట్టుకోకముందు ఒక వారం పాటు క్యూ చూడండి. జాబ్ ఎక్కడ ఆగుతోంది? స్లాట్ (ఒకేసారి నడవగలిగే జాబులకి ఉన్న చోటు) ఖాళీ లేకా, మెషీన్ లోడ్ నిండిపోయా, లేక ముందు జాబ్ ఇంకా అవ్వలేదా? ఆగడమే లేకపోతే ప్రయారిటీ మార్చినా తేడా ఏమీ కనిపించదు. స్లాట్లే తక్కువైతే, సర్వర్ తట్టుకుంటుందో లేదో చూసుకుని ముందు వాటిని పెంచండి.

తర్వాత అంకె ఏ వైపు పనిచేస్తుందో చూసుకోండి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఆటోమిక్ అనే షెడ్యూలర్‌లో చిన్న అంకె ముందు. ఆటోసిస్ అనే ఇంకో షెడ్యూలర్‌లోనూ చిన్న అంకే ముందు, కానీ అక్కడ సున్నా అంటే మెషీన్ లోడ్‌తో పని లేకుండా వెంటనే మొదలుపెట్టు అని అర్థం, డిఫాల్ట్ కూడా సున్నానే, కాబట్టి మీరు ఏమీ పెట్టకపోతే అన్నీ తోసుకుని వెళ్తాయి. ఐబీఎం వర్క్‌లోడ్ షెడ్యూలర్‌లో దీనికి తిరగబడి ఉంటుంది: పెద్ద అంకె ముందు, డిఫాల్ట్ 10, సున్నా పెడితే జాబ్ అసలు మొదలే కాదు. అక్కడ 100, 101 అయితే జాబ్ లిమిట్‌ని (ఒకేసారి ఎన్ని జాబులు నడవొచ్చన్న హద్దుని) కూడా దాటి పోతాయి, వాటిని ఊరికే వాడొద్దు. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు పాత నంబర్లు అలాగే ఎక్కించారంటే పని తలకిందులవుతుంది.

ఆటోమిక్‌లో క్లయింట్ అంటే ఒకే సిస్టమ్‌లో విడిగా కట్టుకున్న గది లాంటిది, దాని ఆబ్జెక్టులు (జాబులు, క్యూల లాంటివి), యూజర్లు వేరు. క్లయింట్‌కి ఒక ప్రయారిటీ, లోపలి టాస్క్‌కి ఇంకో ప్రయారిటీ ఉంటాయి. క్లయింట్ స్థాయిలో తేడా చాలా తక్కువగా ఉంచండి. పరీక్షల కోసం పెట్టుకున్న టెస్ట్ క్లయింట్‌ని కిందికి దించి, అసలు పని నడిచే ప్రొడక్షన్‌ని పైన ఉంచితే చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే ఇద్దరు కస్టమర్లలో ఒకరిని శాశ్వతంగా పైన కూర్చోబెడితే రెండోవాళ్ళకి మనం ఇచ్చిన మాట తప్పినట్టే.

అసలు పని టాస్క్ స్థాయిలోది. ఎవరు గట్టిగా అడిగారని కాదు, ఆలస్యమైతే ఎవరికి ఏం నష్టం, ఏ టైముకి బయటికి వెళ్ళాలి అని అడగండి. మూడు మెట్లు చాలు. డిఫాల్ట్ 200, చిన్న అంకె ముందు ఉన్న చోట మేము బ్యాంకు ఫైళ్ళకి 100, మామూలు వాటికి 200, రిపోర్టులకి 240 పెట్టుకున్నాం. మధ్యలో ఖాళీ వదిలితే రేపు కొత్తది వచ్చినా చోటు ఉంటుంది. పై మెట్టులో పదికి ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయంటే మళ్ళీ కూర్చుని ఏరండి.

ఇక్కడొక చిక్కు ఉంది. చెల్లింపు జాబ్‌కి 100 ఇచ్చి, దానికి డేటా తెచ్చే జాబ్‌ని 240లో వదిలేస్తే పెద్దది చిన్నదాని కోసం కాచుకుని కూర్చుంటుంది. 1997లో అంగారకుడి మీద దిగిన నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్ మాటిమాటికీ రీసెట్ అయింది ఇలాంటి కారణంతోనే: తక్కువ ప్రయారిటీ వాతావరణ పని ఒక వనరుని పట్టుకుని ఉండగా, మధ్య ప్రయారిటీ పనులు దాన్ని కదలనివ్వలేదు, దాంతో అన్నిటికంటే ముఖ్యమైన పని ఆగిపోయింది. తక్కువ పని ఆ వనరుని వదిలేదాకా పెద్దదాని ప్రయారిటీని దానికి ఇచ్చేలా భూమి మీద నుంచే సరిచేశారు. మన దగ్గర అయితే వర్క్‌ఫ్లోని (ఒకదాని తర్వాత ఒకటి నడిచే జాబుల వరసని) వెనక నుంచి ముందుకి చదివి, పై మెట్టు జాబ్ ఆధారపడే ప్రతిదాన్నీ అదే మెట్టుకి తేవాలి.

మొదలైపోయిన జాబ్‌ని ప్రయారిటీ మధ్యలో ఆపదని కూడా గుర్తుంచుకోండి. మూడు గంటలు నడిచే రిపోర్టు ఒంటి గంటకి స్లాట్ పట్టుకుంటే, రెండింటికి వచ్చిన అర్జెంటు జాబ్ కాచుకోవాల్సిందే. పొడుగు జాబులకి వేరే క్యూ, కొన్నే స్లాట్లు ఇవ్వండి.

కింది మెట్టు వాళ్ళనీ మరిచిపోవద్దు. తిరుమలలో 300 రూపాయల టికెట్ లైన్ నడుస్తున్నా కంపార్ట్‌మెంట్లలోని సర్వదర్శనం భక్తులనీ విడతలుగా వదులుతూనే ఉంటారు. రిపోర్టులకి కనీసం ఒక స్లాట్ విడిగా ఉంచితే కాలేజీ వాళ్ళు నాలుగు రోజులు ఎదురుచూసే పరిస్థితి రాదు.

సీజన్ కోసం ఏదైనా పైకి ఎక్కిస్తే ఎందుకు, ఎప్పటిదాకా అన్నది జాబ్ డాక్యుమెంటేషన్‌లోనే రాయండి, దించే తేదీకి క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టండి. మాకు అది ఆగస్టు మొదటి వారం.