మౌత్‌పీస్ మీద వాటర్ పేపర్ పెట్టే ముందు

మొన్న బ్యాండులో క్లారినెట్ వాయించే కుర్రాడొకడు తన మౌత్‌పీస్, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్క, పట్టుకొచ్చాడు. వీడియోలు చూసి వాటర్ పేపర్‌తో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో, సొంతంగా రుద్దుకున్నాడట. కాస్త గట్టిగా ఊదితే చాలు, రీడ్ (ఊదితే కంపించే పల్చటి రెల్లు బద్ద) మూసుకుపోతోంది. ముహూర్తాలు దగ్గర పడ్డాయి, చేతిలో ఇంకోటి లేదు.

ఇలా పాడైనవి చాలా చూశాను. తప్పు దాదాపు ఒక్కటే: టేబుల్ రుద్దడం. రీడ్ ఆనే ఆ చదును భాగాన్ని అద్దం మీద పెట్టి చూస్తే ఒక్కోసారి సన్నటి గుంట కనిపిస్తుంది. లోపమనుకుని చదును చేసేస్తారు. కొందరు తయారీదారులు ఆ గుంటను కావాలనే ఉంచుతారు. పైగా కొస దగ్గర తెరుపును, అంటే రీడ్‌కీ కొసకీ మధ్య సందును, కొలిచేదే టేబుల్ మట్టం నుంచి. క్లారినెట్‌కి అది సుమారు 1 నుంచి 1.2 మిల్లీమీటర్లు. టేబుల్ 0.1 మిల్లీమీటరు అరిగిందంటే తెరుపులో దాదాపు పదో వంతు పోయినట్టే, కొస వైపు రీడ్ నుంచి దూరంగా జరిగే వంపూ పొట్టిదవుతుంది. దాన్ని సరిచేద్దామని వంపును రుద్దితే కొస అంచు వెడల్పవుతుంది. అంచు సన్నం చేయబోతే లోపలి బాఫిల్ (కొస వెనకే, రీడ్‌కి ఎదురుగా ఉండే వాలు) మారుతుంది. ఇక దానికి అంతు ఉండదు.

ముందు రీడ్ మార్చి చూడండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే కొలవండి. గీతలున్న గాజు పలక మీద టేబుల్ ఆనించి, కొస వైపు నుంచి 0.0015 అంగుళాల మందం ఫీలర్ రేకు (సందులు కొలిచే సన్నటి రేకు) దూర్చండి. రేకు వంకరగా ఆగిందంటే రెండు రైల్స్ (రీడ్ ఆనే పక్క అంచులు) సమానంగా లేవన్నమాట. కీచుమనడానికి అదొక పెద్ద కారణం. పని అక్కడ. టేబుల్ మీద కాదు.

ఎబొనైట్ (మౌత్‌పీస్‌లకు వాడే గట్టి రబ్బరు) పొడిలో గంధకం ఉంటుంది, తడిపే రుద్దండి, మాస్కు తీయొద్దు.
వేడినీళ్లతో కడగొద్దు, నలుపు పోయి పచ్చబడుతుంది.
పాత ఇత్తడివి ముట్టుకోవద్దు, సీసం ఉండొచ్చు.
600 నంబరు పేపర్ చాలు. గరుకుది వద్దు.
పేపర్ మీద రెండు లాగులు లాగాక ఆపి, కడిగి, కొలిచి, ఊది చూడండి. అప్పుడే మూడోది.
కొస మీద వేలితో నొక్కొద్దు.
క్లారినెట్ కొలతలు సాక్సోఫోన్‌కి వాడొద్దు.
గురువుగారిచ్చిన మౌత్‌పీస్ మీద నేర్చుకోవద్దు. చౌక ప్లాస్టిక్‌ది కొనుక్కోండి.
పెళ్లిళ్ల సీజన్లో అసలు మొదలుపెట్టొద్దు.
టేబుల్ జోలికి పోవద్దు. "కొంచెమే" అని కూడా పోవద్దు.
ఇప్పటికే రుద్దేశారా? ఆపండి. ఇంకో లాగు లాగకుండా, ఉన్న కొలతలు రాసుకుని చేతనైనవాళ్లకు చూపించండి.