కొత్త డీజే కంట్రోలర్ మాట వినడం లేదా? లక్షణాన్ని బట్టి లోపం పట్టుకోండి

తక్కువ ధరలో మొదటి డీజే కంట్రోలర్, అంటే ల్యాప్‌టాప్‌లోని పాటలను చేత్తో కలపడానికి నాబ్‌లూ బటన్లూ ఉన్న పెట్టె, కొనుక్కున్నవాళ్లు వారం తిరక్కముందే "చవకది కొన్నాను, అందుకే ఇలా ఏడుస్తోంది" అనడం చాలాసార్లు విన్నాను. ఒకప్పుడు నేనూ అలాగే అన్నాను. తీరా చూస్తే నా కంటబడిన సమస్యల్లో వస్తువు నిజంగా చెడిపోయినవి చాలా తక్కువ. కేబుల్, సెట్టింగ్, లేదా కొనేటప్పుడు చూసుకోకుండా వదిలేసిన ఒక చిన్న విషయం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఇంకో కంట్రోలర్‌కి డబ్బు తీసే ముందు ఇవి చూడండి. ఇంకా ఏమీ కొననివాళ్లు కూడా చదవండి. లోపం ఎక్కడ పుడుతుందో తెలిస్తే కొనేటప్పుడు దేని మీద కన్నేయాలో తెలుస్తుంది.

స్పీకర్లో వచ్చే పాటే హెడ్‌ఫోన్‌లోనూ వస్తోంది

నా మొదటి సాయంత్రం అంతా దీనితోనే పోయింది. రెండో డెక్ (రెండో పాటను నడిపే భాగం) మీద హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్న బటన్ నొక్కాను. లైటు వెలిగింది, చెవిలో పాట మాత్రం మారలేదు. గంటన్నర సేపు కేబుళ్లు పీకుతూ పెడుతూ కూర్చున్నాను. చివరికి కంట్రోలర్‌ని తిరగేసి చూస్తే వెనక యూఎస్‌బీ సాకెట్ తప్ప ఇంకేమీ లేదు. శబ్దం బయటికి పోవడానికి దానికి దారే లేదు.

డీజే పనికి ఒకేసారి రెండు వేర్వేరు స్టీరియో దారులు కావాలి: జనం వినేది ఒకటి (మాస్టర్), మీరు తర్వాతి పాటను చెవిలో సిద్ధం చేసుకునేది ఇంకొకటి (క్యూ). అంటే మొత్తం నాలుగు ఛానళ్లు. మామూలు ల్యాప్‌టాప్ జాక్‌లో ఉండేది రెండే. అందుకే ఆ నాలుగూ కంట్రోలర్ లోపలి సౌండ్ కార్డు ఇవ్వాలి. కొన్ని చిన్న మోడళ్లలో అది ఉండదు. ఉదాహరణకు పయనీర్ డీడీజే-200లో సౌండ్ కార్డు లేదు, అందుకే పెట్టెలో ఒక స్ప్లిటర్ కేబుల్ పెట్టి ఇచ్చారు. డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4, హెర్క్యులిస్ ఇన్‌పల్స్ 200, ఇంకా చిన్నదైన న్యూమార్క్ డీజే2గో2 టచ్‌లో సౌండ్ కార్డు ఉంది. సైజు చూసి గానీ, ప్యాడ్‌ల సంఖ్య చూసి గానీ ఈ తేడా కనిపెట్టలేం. పరికరం మీదే హెడ్‌ఫోన్ జాక్ ఒకటి, స్పీకర్లకు అవుట్‌పుట్ విడిగా ఒకటి ఉన్నాయా లేదా అని చూడాలి. మొదటి కంట్రోలర్ ఎంపికలో నేను దీనికి వేసినన్ని మార్కులు ఇంక దేనికీ వేయను.

సౌండ్ కార్డు ఉండి కూడా ఇలాగే జరుగుతుంటే ముందు "క్యూ మిక్స్" నాబ్ చూడండి. అది పూర్తిగా మాస్టర్ వైపు తిరిగి ఉంటే మీరు ఏ బటన్ నొక్కినా చెవిలో మాస్టరే వస్తుంది. తర్వాత సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగుల్లో మాస్టర్‌కి 1-2, హెడ్‌ఫోన్‌కి 3-4 ఎంచుకుని ఉందో లేదో చూసుకోండి.

సౌండ్ కార్డు లేకపోతే చవకైన దారి స్ప్లిటర్ కేబుల్. ఎడమ, కుడి ఛానళ్లలో ఒకటి జనానికి, ఇంకొకటి చెవికి వెళ్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ ఉండాలి, పైగా రెండూ మోనో అయిపోతాయి. ఇంట్లో నేర్చుకోవడానికి ఇది చాలు. అంతకన్నా మెరుగ్గా కావాలంటే నాలుగు అవుట్‌పుట్‌లున్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తీసుకోండి, కంట్రోలర్ మార్చాల్సిన అవసరం ఉండదు.

బటన్ నొక్కాక కాసేపటికి గానీ శబ్దం రావట్లేదు

స్పీకర్ బ్లూటూత్‌దా? అయితే ఇంకెక్కడా వెతకొద్దు. బ్లూటూత్‌లో సాధారణంగా 100 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాటలో బీటుకీ బీటుకీ మధ్య దూరం 500 మిల్లీసెకన్లే. అంటే మీ చేయి ఒకచోట, పాట బీటులో ఐదో వంతు నుంచి దాదాపు సగం దాకా వెనక. ఇలా ఎన్నాళ్లు సాధన చేసినా చేతికి టైమింగ్ రాదు, పైగా తప్పుడు అలవాటు పడుతుంది. స్పీకర్‌కీ హెడ్‌ఫోన్‌కీ వైరే వాడండి.

వైరు పెట్టినా ఆలస్యం ఉంటే అది బఫర్ (శబ్దాన్ని బయటికి పంపేముందు ల్యాప్‌టాప్ కాస్త పోగుచేసుకునే చోటు) వల్ల. సెకనుకి 44,100 శాంపిళ్ల (శబ్దపు చిన్న ముక్కల) చొప్పున 1024 శాంపిళ్ల బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు, 512 అయితే సుమారు 12, 256 అయితే సుమారు 6. విండోస్‌లో కంట్రోలర్ కంపెనీ ఇచ్చే ఆసియో డ్రైవర్ (శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో పంపేది) వేసుకుని 512 దగ్గర మొదలుపెట్టండి. మ్యాక్‌లో చాలావాటికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు.

పాట మధ్యలో చిటపటలు, ఒక్కోసారి అర సెకను ఖాళీ

పైన చెప్పిన బఫర్‌ని మరీ తగ్గించేస్తే వచ్చేది ఇదే. ల్యాప్‌టాప్ ఆ కొద్ది సమయంలో లెక్క పూర్తి చేయలేక చేతులెత్తేస్తుంది. ఒక మెట్టు పెంచండి. పవర్ సేవింగ్ మోడ్ తీసేయండి, బ్రౌజర్ మూసేయండి. వైఫై ఆపేస్తే చాలా పాత ల్యాప్‌టాప్‌లు ఒక్కసారిగా దారికొస్తాయి. విండోస్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేయండి. ఫేడర్ (పైకీ కిందకీ లేదా పక్కలకీ జరిపే మీట) కదిపినప్పుడు మాత్రమే చిటపట వస్తే అది దుమ్ము. దానికి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క సరిపోతుంది, నూనె మాత్రం పోయకండి.

కంట్రోలర్ లైట్లు వెలుగుతున్నాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం గుర్తుపట్టట్లేదు

ముందు కేబుల్ మార్చండి. ఫోన్ ఛార్జింగ్‌కి వచ్చే కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. లైట్లు వెలిగేది అందుకే. తర్వాత హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి తగిలించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీఆంపియర్లే, దాన్ని మౌస్, హార్డ్ డిస్క్, కంట్రోలర్ పంచుకుంటే ఎవరికీ చాలదు.

కేబుల్ బాగుంటే అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌ది. ప్రతి కంట్రోలర్ ప్రతి సాఫ్ట్‌వేర్‌తోనూ పనిచేయదు. సెరాటో అనే డీజే సాఫ్ట్‌వేర్ తాను ఒప్పుకున్న పరికరాల జాబితాలో ఉన్నవాటినే తీసుకుంటుంది. చిన్న కంట్రోలర్లలో చాలావాటితో సెరాటో డీజే లైట్ ఉచితంగా వస్తుంది, పూర్తి ఫీచర్లున్న ప్రో కావాలంటే డబ్బు కట్టాలి. రికార్డ్‌బాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ మాత్రం కొన్ని పయనీర్ మోడళ్లు తగిలిస్తే పెర్ఫార్మెన్స్ మోడ్‌ని (పాటలు కలిపే భాగాన్ని) తానే తెరుస్తుంది. కాబట్టి కంట్రోలర్ ధరకి సాఫ్ట్‌వేర్ ధర కూడా కలిపి చూడండి. పది పైసలు తక్కువని తీసుకున్న పరికరానికి తర్వాత నెలనెలా చందా కట్టాల్సి వస్తే అది చవక కాదు.

ఏ జాబితాలోనూ లేని కంట్రోలర్ చేతిలో ఉంటే మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రయత్నించండి (వెతికేటప్పుడు పేరు చివర మూడు ‘ఎక్స్’లు కొట్టాలి). ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. చాలా కంట్రోలర్లకు మ్యాపింగులు (ఏ బటన్ ఏ పని చేయాలో చెప్పేవి) అందులోనే ఉన్నాయి, లేనివాటికి మీరే ఒక్కో బటన్ నొక్కుతూ నేర్పించవచ్చు. ఏ కంట్రోలరూ లేకుండా కీబోర్డుతోనే నెల రోజులు దీని మీద కూర్చోండని కొత్తవాళ్లకు గట్టిగా చెప్తాను. మీకు నిజంగా ఏ నాబ్ కావాలో ఆ నెలలో తెలుస్తుంది.

బీట్లు కలిశాయి అనుకుంటాను, కాసేపటికి జారిపోతాయి

మొదట రెండు పాటల కిక్‌లు (డ్రమ్ము లావు దెబ్బలు) ఒక్కటిగా "దుమ్" అంటాయి. నలభై సెకన్లకి అది "దు-దుమ్" అవుతుంది, ఇంకాసేపటికి గుర్రపు డెక్కల చప్పుడే. దీనికి రెండు కారణాలు, రెండింటినీ వేరు చేసి చూడాలి.

వేగాన్ని సాఫ్ట్‌వేరే కలిపే సింక్ బటన్ నొక్కినా జారిపోతుంటే తప్పు బీట్‌గ్రిడ్‌ది, అంటే ప్రతి బీటు దగ్గరా సాఫ్ట్‌వేర్ గీసుకునే గీతలది. కంప్యూటర్ మీద తయారైన పాటలో టెంపో గీత గీసినట్టు ఉంటుంది. డ్రమ్మర్ చేత్తో వాయించిన పాత రికార్డింగుల్లో చరణానికీ పల్లవికీ వేగం కొద్దిగా మారుతుంది, అది సహజం. అలాంటి పాటకు సాఫ్ట్‌వేర్ ఒకే వేగం రాసిపెడితే గ్రిడ్ మొదట్లో సరిపోయి చివర తప్పుతుంది. పాట చివరికి వెళ్లి జూమ్ చేసి గీతలు కిక్ మీద పడుతున్నాయా చూడండి. పడకపోతే మారే టెంపో ఆప్షన్‌తో మళ్లీ ఎనలైజ్ చేయించండి. రికార్డ్‌బాక్స్‌లో డైనమిక్ అని ఉంటుంది, మిక్స్‌లో టెంపో స్థిరమని భావించే టిక్కు తీసేయాలి. 70 బీపీఎం పాటను 140 అని చదవడం కూడా మామూలే, రెండుతో భాగించే బటన్ ఉంటుంది.

సింక్ లేకుండా చేత్తో కలిపినప్పుడే జారిపోతుంటే పాట వేగం మార్చే పిచ్ ఫేడర్ సంగతి చూడాలి. మిడి అనేది కంట్రోలర్ కంప్యూటర్‌కి సందేశాలు పంపే పద్ధతి, 1983లో వచ్చింది, దానిలో మామూలు సందేశానికి 0 నుంచి 127 వరకు 128 మెట్లే ఉంటాయి. ఫేడర్ ఆ పద్ధతిలోనే పంపుతూ, రేంజి ప్లస్ ఆర్ మైనస్ 8 శాతం అయితే ఒక్కో మెట్టు సుమారు 0.126 శాతం, అంటే 120 బీపీఎం దగ్గర 0.15 బీపీఎం. మీకు కావలసిన వేగం రెండు మెట్ల మధ్య పడిందంటే చేయి ఎంత నిదానమైనా దాన్ని పట్టుకోలేదు. సగం మెట్టు తేడా ఉన్నా నిమిషానికి దాదాపు 38 మిల్లీసెకన్లు జారుతుంది, చెవికి ఆ "దు-దుమ్" వినిపించడానికి అది చాలు. రేంజిని 16 శాతం పెడితే ఇది రెట్టింపు. ఇది తెలియక "నాకు చెవి లేదు" అని వదిలేసినవాళ్లు ఉన్నారు, అది నన్ను నిజంగా బాధపెడుతుంది.

సెట్టింగుల్లో పిచ్ రేంజిని వీలైనంత తగ్గించండి, 6 శాతం ఉంటే అదే పెట్టండి. మిగిలిన జారుడుని జాగ్ వీల్ (డెక్ మీద తిప్పే గుండ్రటి చక్రం) అంచుని వేలితో మెల్లగా తోసి సరిచేస్తూ ఉండండి. టర్న్‌టేబుల్ డీజేలు కూడా వేలితో ఇలాగే సరిచేస్తారు. కొత్తగా కొనేవాళ్లు 14 బిట్ లేదా హై రిజల్యూషన్ ఫేడర్ ఉందేమో చూడండి, దానిలో 16,384 మెట్లు ఉంటాయి. ఫేడర్ పొడవు ఎక్కువైతే చేతికి కూడా సులువు.

రెండో పాట కలపగానే శబ్దం పగిలిపోతోంది

రెండు పాటల బేస్ ఒకదాని మీద ఒకటి పడి మాస్టర్ ఎర్ర లైటు దాటుతోంది. ఒక్కో డెక్ గెయిన్‌ని (పాట శబ్ద స్థాయిని) పచ్చ లైట్ల పైఅంచు దగ్గర ఉంచి, కొత్త పాట తెచ్చేటప్పుడు దాని బేస్ నాబ్ పూర్తిగా తగ్గించి, తర్వాత పాత పాట బేస్ తగ్గించి కొత్తదాని బేస్ పెంచండి. శబ్దం చాలకపోతే స్పీకర్ దగ్గర పెంచండి. ఒకే పాట వేసినా రేకు డబ్బాలా వినిపిస్తే ఫైలే నాసిరకం. 128 కేబీపీఎస్ ఫైలుని 320కి మార్చినా పోయిన శబ్దం తిరిగి రాదు.

ఛార్జర్ పెట్టగానే స్పీకర్లో "గూఁ" అని మోత

ఇది గ్రౌండ్ లూప్: ల్యాప్‌టాప్, స్పీకర్లు వేర్వేరు దారుల్లో ఎర్త్‌కి కలవడం వల్ల వచ్చే మోత. ఛార్జర్ తీసేస్తే మోత ఆగితే అదేనని ఖాయం. ల్యాప్‌టాప్‌నీ స్పీకర్లనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి, అప్పటికీ ఉంటే ఆడియో కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ విరగ్గొట్టే చిట్కా ఎవరైనా చెప్తే దయచేసి వినకండి. షాక్ కొడితే ప్రాణం మీదికి వస్తుంది.

హెడ్‌ఫోన్ ఫుల్ పెట్టినా వినిపించట్లేదు

ఇంపిడెన్స్ (హెడ్‌ఫోన్ కరెంటుకి ఇచ్చే అడ్డు, ఓమ్‌లలో రాస్తారు) చూడండి. స్టూడియో వాళ్లు వాడే 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ని చిన్న కంట్రోలర్ నడపలేదు. 32 ఓమ్‌ల దగ్గర, చెవిని పూర్తిగా మూసే రకం తీసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, నా ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ ఎక్కట్లేదు

పాత మోడళ్లకు కంపెనీలు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ల కోసం డ్రైవర్లు రాయడం ఆపేస్తాయి. మిడి, ఆడియో రెండూ క్లాస్ కంప్లయంట్ అయితే డ్రైవర్ లేకుండానే నడుస్తుంది, మిక్స్‌తో కలిపి ప్రయత్నించండి. ఇంకా డబ్బు చేతులు మారకపోతే మీ సొంత ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. అక్కడే తగిలించి, ప్రతి ఫేడర్‌నీ ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా జరుపుతూ తెర మీద గీత దూకకుండా కదులుతోందా చూడండి. జాగ్ వీల్ రెండు వైపులా తిప్పండి, హెడ్‌ఫోన్ ప్లగ్ తగిలించి దాన్ని కాస్త కదపండి. ఒక చెవిలో శబ్దం పోయి వస్తుంటే ఆ జాక్ సోల్డరింగ్ వదులైంది. దాని మరమ్మతు ఖర్చుని ధరలోంచి తగ్గించమని బేరమాడండి, లేదా వదిలేసి రండి.