ఆట నేర్పేటప్పుడు పిల్లల దృష్టి చెదరకుండా ఎలా చూడాలి?

సార్ పది నిమిషాలుగా చెబుతూనే ఉంటారు. వెనక ఇద్దరు బంతి తన్నుకుంటూ ఉంటారు. ఆయన విజిల్ ఊది వాళ్లను తిడతారు. తప్పు పిల్లలది కాదు. ఆడుకుందామని గ్రౌండ్‌కి వచ్చినవాళ్లకు ఉపన్యాసం ఎక్కుతుందా?

కోర్టు గీతలు, బంతుల్లో గాలి పిల్లలు రాకముందే చూసుకోండి. రాగానే మూడు నిమిషాలు ఏదో ఒక పరుగుల ఆట ఆడించండి. ఆ ఉరుకులాట తీరాక వింటారు.

తర్వాత అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి. ఎండ మీ ముఖాన పడాలి, వాళ్ల వీపున పడాలి. పక్కన ఇంకో క్లాసు ఆడుతుంటే అటు కూడా వాళ్ల వీపే ఉండాలి. గుండ్రంగా మాత్రం వద్దు, సగం మంది మీ వెనక్కి పోతారు. బంతులు సంచిలోనే ఉండాలి. ‘చేత్తో పట్టుకుని కదలకుండా వినండి’ అనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. చేతిలో బంతి ఉంటే నేలకేసి కొట్టకుండా నేనే ఉండలేను.

ఇక అసలు తంటా, చేసి చూపించడం. వాలీబాల్‌లో అండర్‌హ్యాండ్ సర్వీస్, అంటే ఒక చేత్తో బంతి పట్టుకుని రెండో చేతిని కింది నుంచి ఊపి కొట్టడం, నేర్పుతున్నారనుకోండి. కాళ్లు ఇలా, చెయ్యి అలా, చూపు ఇక్కడ అంటూ తెలిసిందంతా చెప్పేయాలని మన నోరు ఊరుకోదు. ఐదు సంగతులు చెబితే ఒక్కటీ బుర్రలో మిగలదు.

ముందు నోరు మెదపకుండా రెండుసార్లు మామూలు వేగంతో సర్వీస్ చేయండి. మూడోసారికి ముందు, ఎక్కడ చూడాలో చెప్పండి: “కొట్టే చెయ్యి వద్దు, బంతి పట్టుకున్న చెయ్యి చూడండి.” ఎందుకంటే ఎక్కువ సర్వీసులు పాడయ్యేది అక్కడే. కొట్టే ముందు బంతిని వదలాలన్నది నిబంధన. పిల్లలేమో దాన్ని తల దాకా ఎగరేసి, అది దిగేలోపే చెయ్యి ఊపేస్తారు. కొంచెమే వదలాలి. ఆ రోజుకు మొదటి పాఠం ఆ ఒక్కటే.

ఎదురుగా నిలబడి చూపిస్తే మన కుడి వాళ్లకు ఎడమవైపు ఉంటుంది, చిన్నపిల్లలు తికమకపడతారు. అందుకే ఒకసారి వాళ్లకు వీపు పెట్టి, ఒకసారి పక్కకు తిరిగి చూపించండి. మొత్తం ఒక్క నిమిషంలో అయిపోవాలి. నేను వాచీ చూసుకుంటాను.

“అర్థమైందా?” అని అడగకండి. అందరూ ఊఁ అంటారు, అర్థం కానివాడు అందరికంటే గట్టిగా అంటాడు. “బంతి ఎంత ఎత్తుకు వదలాలి? చేత్తో చూపించండి” అనండి. చేతులు తల దాకా లేస్తే ఇంకోసారి చేసి చూపించండి, మళ్లీ వివరించకండి.

పంపేముందు “విజిల్ వేశాకే లేవాలి” అన్నది మొదటి మాటగా చెప్పండి. చివర్లో చెబితే అప్పటికే సగం మంది సంచి దగ్గర ఉంటారు.

బంతిని అరచేతి కింది భాగంతో కొట్టడం గురించా? అది ఐదు నిమిషాలు ఆడాక, ఇంకో విజిల్‌కి.