సంతకం పెట్టే ముందు దస్తావేజు ఇలా చదవండి

తెనాలిలో 28 ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. పోయిన వేసవిలో ఒక పెద్దావిడ కొడుకుతో కలిసి వచ్చి, "వీలునామా రాయించుకోవాలి బాబూ" అన్నారు. కొడుకు చేతిలో అప్పటికే ఎక్కడో టైపు చేయించిన డ్రాఫ్టు ఉంది. అందులో "ఈ దినమే నీకు స్వాధీనపరచి, సర్వహక్కులతో దఖలుపరచితిని" అన్న వాక్యం కనబడింది. అంటే ఇప్పుడే ఇచ్చేశానని. పైకి చదివి, "అమ్మా, దీన్ని రిజిస్టర్ చేయిస్తే ఇవాళ్టి నుంచే ఇల్లు మీది కాదు" అన్నాను. ఆవిడ నిర్ఘాంతపోయారు. కొడుకు కూడా అంతే. అతనికీ ఆ తేడా తెలియదు.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకు మూడు ప్రశ్నలు నేర్పిస్తాను. ఈ కాగితం ఎప్పటి నుంచి పనిచేస్తుంది? నా హక్కు ఏదైనా పోతుందా? రేపు మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా? దస్తావేజు పైన ఏ పేరు రాసి ఉన్నా, కోర్టు చూసేది లోపలి మాటలనే. మీరూ లోపలి మాటలే చూడండి.

"నా తదనంతరం", "నా జీవితానంతరం చెందవలెను" అని ఉంటే అది వీలునామా. రాసినాయన బతికి ఉన్నంతకాలం దానికి ఏ బలమూ ఉండదు. ఆస్తి ఆయనదే, అమ్ముకోవచ్చు, వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది, లేకపోతే రేపు గొడవ అక్కడే మొదలవుతుంది. స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించమనే చెబుతాను. కాగితం పోయినా ఆఫీసులో నకలు ఉంటుంది.

"దఖలుపరచితిని", "నేటి నుండి" అని ఉంటే అది దానపత్రం లేదా సెటిల్‌మెంట్. రిజిస్టర్ అయితేనే చెల్లుతుంది. అయ్యాక మనసు మారిందని ఒంటిచేత్తో రద్దు చేసుకోలేరు. బిడ్డలకు ఇంట్లో గొడవ లేకుండా ముందే ఇచ్చేద్దామనే పెద్దవాళ్లు దీన్ని ఎంచుకుంటారు. తప్పు లేదు. కానీ ఒక్క వాక్యం రాయించండి: నన్ను పోషించాలి, వైద్యం చేయించాలి, ఆ షరతు మీదే ఇస్తున్నాను అని. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతుతో ఇచ్చాక బిడ్డలు చూడకపోతే ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్ ఆ దానాన్ని రద్దు చేయగలదు. షరతు రాయకపోతే ఆ దారి చాలా కష్టమవుతుంది. మీరు బతికినంతకాలం అదే ఇంట్లో ఉండే హక్కు కూడా మీ పేరునే అట్టిపెట్టుకోండి.

ఆ పెద్దావిడ మర్నాడు కూతురిని కూడా వెంటబెట్టుకుని వచ్చి వీలునామాయే రాయించారు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది హక్కు విడుదల దస్తావేజు. "పసుపు కుంకుమల కింద ముట్టినందున నాకు ఇకమీదట ఎట్టి హక్కూ లేదు" అని ఆడపిల్లల చేత రాయించుకుంటారు. అన్నదమ్ములు పిలిస్తే వస్తారు, చీర తీసుకుంటారు, చదవకుండా సంతకం పెట్టి వెళ్తారు. ఇష్టపడి వదులుకుంటే అది ఆ తల్లి ఇష్టం. కానీ ఏం వదులుకుంటున్నదో తెలిసి వదులుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలోనే, 1985 నుంచి, పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో వాటా వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లయినవాళ్లకూ కొడుకులతో సమానంగా దేశమంతా వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక్కడే పిత్రార్జితం, స్వార్జితం అన్న మాటలు తెలియాలి. పైన చెప్పిన, పూర్వీకుల నుంచి వచ్చిన ఉమ్మడి కుటుంబ ఆస్తి పిత్రార్జితం. తండ్రి తన సంపాదనతో కొన్నది స్వార్జితం. ఆయన బతికి ఉండగా అందులో కొడుక్కీ హక్కు లేదు, కూతురికీ లేదు. ఎవరికైనా రాయవచ్చు. కాబట్టి తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో "రేపు రాబోయే వాటా" వదులుకున్నానని రాయించుకున్న కాగితం చెల్లదు. వీలునామా రాయకుండా ఆయన చనిపోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికి ఉంటే ఆవిడ, అందరికీ తలా ఒక సమాన వాటా. తల్లి వాటాను చాలామంది మర్చిపోతారు. ఇదంతా హిందువుల సంగతి. ముస్లింలకు, క్రైస్తవులకు నియమాలు వేరు. ముస్లిం అయితే, వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు.

నామినీ గురించి మా ఇంట్లోనే జరిగింది చెబుతాను. నాన్నగారి డిపాజిట్‌కు అన్నయ్య నామినీ. డబ్బు మొత్తం వాడిదే అనుకుని చెల్లెలు ఏడాది మాట్లాడలేదు. అన్నయ్యా అలాగే అనుకున్నాడు. బ్యాంకు ఎవరి చేతికి డబ్బు ఇవ్వాలో చెప్పడానికే నామినీ. తీసుకున్నాక వారసులకు పంచాల్సిందే. ఇంత చిన్న మాట ముందే కూర్చోబెట్టి చెప్పలేదని నాకు ఇప్పటికీ బాధే.

సర్టిఫికెట్లలోనూ ఇదే తికమక. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తహసీల్దారు ఇస్తారు. ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పడం వరకే. సక్సెషన్ సర్టిఫికెట్ కోర్టు ఇస్తుంది. అది డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల కోసం. పొలానికీ ఇంటికీ అది పనికిరాదు. మ్యుటేషన్ అంటే రికార్డులో పేరు మార్చడం. వారసత్వంగా పేరు మారడాన్ని తెలంగాణలో విరాసత్ అంటారు. పొలం పాస్‌బుక్‌లో అన్న పేరొక్కటే ఎక్కినంత మాత్రాన చెల్లెలి వాటా పోదు.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీస్తే అంతా తెలిసిపోతుందని నమ్మకండి. రిజిస్టర్ అయిన అమ్మకాలు, దానాలు, తనఖాలు అందులో వస్తాయి. వీలునామా వేరే పుస్తకంలో నమోదవుతుంది కాబట్టి రాదు. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లూ రావు. కంప్యూటర్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది ఆఫీసులో వెతికించాలి.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద స్థలం కొనేవాళ్లకు ఒక్కటే మాట. జీపీఏ పని చూసుకోమని ఇచ్చే అధికారం. దానితో ఆస్తి మీదైపోదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టరైన విక్రయ దస్తావేజు చేతికి రావాలి.

విడాకుల విషయంలో, పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద రాసుకున్నది, ఆచారం రుజువు చేయగలిగితే తప్ప, కోర్టులో నిలవదు. మనోవర్తి అంటే పోషణకు ఇచ్చే డబ్బు. విడాకులు తీసుకోకుండానే భార్య అడగవచ్చు.

డ్రాఫ్టును ఒక రోజు ముందే ఇంటికి తీసుకెళ్లండి. గట్టిగా చదవండి. అర్థం కాని వాక్యం కింద గీత పెట్టి, రాసినవాళ్లను మామూలు మాటల్లో చెప్పమని అడగండి. ఆస్తి పెద్దదైతే వకీలుకూ చూపించండి. రిజిస్ట్రేషన్ రోజున పెద్దవాళ్లను కళ్లజోడు తప్పకుండా వెంట తెచ్చుకోమనండి.